పది నెలల తర్వాత బల్సా విమానం: కోనసీమ తేమలో ఎలా నిలబడింది?

నమస్కారం అండి. నా చేతిలో ఉన్న ఈ రేడియోతో ఎగరేసే బల్సా చెక్క విమానం బరువు 870 గ్రాములు. రెక్క ఈ కొన నుంచి ఆ కొనకి 48 అంగుళాలు, అంటే నాలుగడుగులు. కెమెరాకి కాస్త దగ్గరగా పెడతాను, ఎడమ రెక్క కొన చూడండి. మిగతా రెక్కంతా నారింజ రంగు, అక్కడొక్క చోటే పసుపు. డిజైన్ అనుకునేరు, కాదు. అది అతుకు. ఈ వీడియోలో సగం ఆ అతుకు గురించే.

పోయిన జూలైలో ఈ కిట్ డబ్బా విప్పుతూ ఒక వీడియో పెట్టాను. ముక్కలన్నీ బల్ల మీద పేర్చి, లేజర్‌తో ఎంత నీట్‌గా కోశారో అని తెగ పొగిడాను. డబ్బా విప్పిన రోజు ఎవరైనా పొగుడుతారండి. ఆ మాటల్లో కొన్ని ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. ఏ కంపెనీ కిట్టో చెప్పను. నాకొచ్చిన డబ్బాలో ఉన్న తప్పు మీకొచ్చే డబ్బాలో ఉండాలని లేదు. పైగా నా గొడవలో పెద్ద భాగం కంపెనీతో కాదు, మా ఊరి గాలితో.

బల్సా అంటే తెలియని వాళ్ళకి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతా. గాలం వేసినప్పుడు నీళ్ళ మీద తేలే బెండు ఉంటుంది చూడండి, చేత్తో పట్టుకుంటే బల్సా అలాగే అనిపిస్తుంది. కానీ ఇది చెట్టు చెక్కే. ప్రపంచంలో అమ్ముడయ్యే బల్సాలో ఎక్కువ భాగం దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ నుంచి వస్తుంది. మన సముద్రం ఒడ్డున సరుగుడు తోటల్లాగే నాటిన ఐదారేళ్ళకే కొట్టేస్తారు. స్పానిష్ భాషలో బల్సా అంటే తెప్ప అని అర్థం. 1947లో థోర్ హెయెర్డాల్ అనే నార్వే ఆయన ఈ దుంగలతోనే కోన్-టికి అనే తెప్ప కట్టించి, పెరూ నుంచి పసిఫిక్ మీదుగా పోలినీషియా దీవులకి వెళ్ళాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్ళ మస్కిటో అనే అసలు యుద్ధ విమానం ఒంట్లో కూడా ప్లైవుడ్ పొరల మధ్య ఉన్నది బల్సానే. ఇప్పుడు గాలిమరల రెక్కల లోపల కూడా వాడుతున్నారు, అంటే మన చిన్న విమానాల వాళ్ళం ఆ కంపెనీలతో పోటీపడి కొనుక్కోవాలన్న మాట.

కొండపల్లి బొమ్మల తెల్ల పొణికితో చేసుకోకూడదా అని నాకూ అనిపించింది. అదీ తేలికైన చెక్కే, చెక్కడానికి బంగారం లాంటిది. కానీ బల్సా అంత తేలిక కాదు, పైగా 2 మిల్లీమీటర్ల పల్చటి షీట్లుగా మనకెవరు కోసిస్తారు?

ఇక కిట్ దగ్గరికి వద్దాం. నా మొదటి ఫిర్యాదు తూకం గురించి. బల్సా షీట్లన్నీ చూడటానికి ఒకలాగే ఉంటాయి, బరువులో మాత్రం ఒకటి ఇంకొకదానికి రెట్టింపు కూడా ఉండొచ్చు. చిన్న లెక్క చెప్తాను, రాసుకోండి. 3 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున్న షీట్ అంటే 300 ఘన సెంటీమీటర్లు. అది 30 గ్రాములు తూగితే మెత్తటిది, 48 తూగితే మామూలుది, 65 దాటితే గట్టి రకం. గట్టిది చెడ్డదని కాదు. రెక్క పొడవునా పోయే స్పార్ గట్టిగానే ఉండాలి, ఇంటికి దూలం లాంటిది కదా. తోకకి మాత్రం మెత్తటిదే కావాలి. నా కిట్‌లో సరిగ్గా తలకిందులు చేశారు. తోక ముక్కలు రాయిలా ఉన్నాయి, స్పార్ పుల్లలు గోటితో నొక్కితే సొట్టపడుతున్నాయి.

తోకలో 10 గ్రాములు పెరిగితే ఏమైందిలే అనుకోవద్దు. తోక దూరంగా ఉంటుంది, ముక్కు దగ్గరగా ఉంటుంది. తక్కెడ సరిపోవాలంటే ముక్కులో 25, 30 గ్రాములు సీసం పెట్టాలి. ఊరికే మోసే బరువు అది. అందుకని నేను విడిగా మెత్తటి షీట్ తెప్పించుకుని, కిట్ ముక్కల్ని అచ్చుగా పెట్టి తోక మళ్ళీ కోసుకున్నాను. ఆ షీట్ కొరియర్‌లో వచ్చేటప్పటికి ఒక మూల విరిగింది, అదృష్టం కొద్దీ తోకకి ఆ మూల అక్కర్లేకపోయింది.

ఇంకో సంగతి, చెక్క నార. కొన్ని షీట్లని వెలుతురులో అటూ ఇటూ తిప్పితే చేప పొలుసుల్లా మెరుస్తాయి. అవి అడ్డంగా వంగవు, బిగుసుకుని ఉంటాయి. రిబ్బులకి, అంటే రెక్కకి ఆకారం ఇచ్చే పక్కటెముకలకి అవి వాడాలి. పొడుగ్గా గీతలు మాత్రమే కనిపించే షీట్లు తేలిగ్గా చుట్టుకుంటాయి, వాటిని రెక్క ముందు భాగం మీద వంచి అంటించడానికి వాడాలి. ఈ విషయంలో కిట్‌ని మెచ్చుకోవాలి. 17 రిబ్బులూ పొలుసు చెక్కే, ఒక్కటి కూడా తేడా రాలేదు. లేజర్ కాల్చిన నల్లటి అంచుని మాత్రం గరుకు కాగితంతో ఒకసారి రుద్దండి, ఆ మసి మీద జిగురు సరిగ్గా పట్టదు.

సూచనల కాగితం సంగతి అడక్కండి. రెండు పేజీలు. అందులో ఒక పేజీ నిండా విమానం ఫొటో.

కట్టడానికి చదునైన బల్ల కావాలి. మా ఇంట్లో పాత ఫ్లష్ తలుపు ఒకటి అటక మీద ఉంటే దింపాను. మా వీధిలో తాపీ పని చేసే బాబాయ్ దగ్గర రసమట్టం అరువు తెచ్చి నాలుగు మూలలా చూసుకున్నాను. ఆయన అడిగాడు, "గోడ కడుతున్నావేంట్రా?" అని. రెక్క కడుతున్నా బాబాయ్ అంటే నవ్వుతూ, "గోడ వంకరైతే పూతలో సర్దుతాం, నీ దానికి పూత ఏదీ?" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

బల్ల మీద ప్లాన్ కాగితం, దాని మీద పల్చటి పాలిథిన్ కవరు, ఆ పైన గుండుసూదులతో చెక్కలు బిగించి జిగురు పెట్టాలి. కవరు మర్చిపోతే విమానంతో పాటు ప్లాన్ కూడా ఎగురుతుంది.

జిగురు దగ్గర మన డెల్టా వాళ్ళకి ఒక తమాషా ఉంది. ఫెవిక్విక్ లాంటివి గాల్లో తేమ తగిలితేనే గట్టిపడతాయి. అందుకే వానాకాలం మన దగ్గర అవి రెప్పపాటులో పట్టేస్తాయి, మూత తీసి పెట్టిన ట్యూబు కూడా అంతే త్వరగా రాయైపోతుంది. వాడాక సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో మూసి పెట్టండి. చేతికి కారితే దూదితో మాత్రం తుడవకండి. దూదికి తగిలితే చుర్రున వేడెక్కి కాలుతుంది, పొగ కూడా వస్తుంది. ఫెవికాల్‌ది దీనికి సరిగ్గా రివర్స్. అందులో నీళ్ళు ఆరాలి కదా, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారే రోజుల్లో అది ఆరమంటే ఎలా ఆరుతుంది?

నేను చేసిన తప్పు అక్కడే. రాత్రి ఫెవికాల్‌తో ఎడమ రెక్క అంటించాను. పొద్దున్నే చూస్తే పైకి గట్టిగానే ఉంది. సూదులు పీకేసి, రెక్కని గోడకి ఆనించి, కుడి రెక్కకి బల్ల ఖాళీ చేసుకున్నాను. బయట వాన. సాయంత్రానికి రెక్క కొన దగ్గర వెనకంచు 5 మిల్లీమీటర్లు కిందికి మెలిక తిరిగింది. చెక్కలో చెమ్మ, కీళ్ళలో పచ్చి జిగురు, గోడ వాలు, మూడూ కలిశాయి. కవరింగ్ వేసేటప్పుడు లాగి సరిచేద్దాంలే అనుకున్నాను. ఆ "లే" చాలా ఖరీదైంది.

కవరింగ్ అంటే వేడి చేస్తే అంటుకుని బిగిసే ప్లాస్టిక్ ఫిల్ము. మామూలు ఇస్త్రీ పెట్టెతోనే వేయొచ్చు. ముందు తక్కువ వేడితో అంచులు అంటించి, తర్వాత కాస్త పెంచి మధ్యలో బిగించాలి. ఎంత వేడి అన్నది పనికిరాని ముక్క మీద చూసుకోండి. కింద వైపు ముందు, పై వైపు తర్వాత. రంగు మాత్రం నా మాట వినండి. ఆకుపచ్చ వద్దు, నీలం వద్దు. కొబ్బరి తోటల మీద ఆకుపచ్చ విమానం ఐదు సెకన్లలో మాయమైపోతుంది. పైన లేత రంగు, కింద ముదురు రంగు వేస్తే విమానం బోర్లా ఉందో వెల్లకిలా ఉందో దూరం నుంచి తెలుస్తుంది. నాది పైన నారింజ, కింద నలుపు చారలు. మా అమ్మ ఇస్త్రీ పెట్టెకి నారింజ రంగు జిగురు అంటి, ఆవిడ తెల్ల వాయిల్ చీర మీద దిగింది. ఆ ఖర్చు కిట్ ఖర్చులో కలపలేదు.

చెక్క ఒంటరిగా 340 గ్రాములు, ఫిల్ము వేశాక 415. మిగతాది కరెంటు సామాను, చక్రాలు. 2212 సైజు, 1000 కేవీ బ్రష్‌లెస్ మోటారు, మోటారు వేగాన్ని అదుపు చేసే 30 ఆంపియర్ల ఈఎస్సీ, రెక్క, తోక పలకల్ని కదిపే 9 గ్రాముల సర్వో మోటార్లు నాలుగు, 10 అంగుళాల పంకా (ప్రొపెల్లర్), మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. కేవీ అంటే కిలోవోల్ట్ కాదు, ఒక్కో వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు అని. ఇవేవీ కిట్‌లో రావు. రేడియో, అంటే చేతిలో పట్టుకునే రిమోట్, నా దగ్గర ఫ్లైస్కై ఐ6, మొదలుపెట్టేవాళ్ళకి చాలు. నా బిల్లులన్నీ కూడితే 15,200 అయింది, అందులో కిట్ 3,800, రేడియో 5,000. రేడియో ఒకసారి కొంటే ఎన్ని విమానాలకైనా పనికొస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టి లెక్కేసుకోండి.

లైపోని మనం పక్కన లేకుండా ఛార్జింగ్ పెట్టకండి. నేను మట్టి కుంపటిలో పెట్టి, 2.2 ఆంపియర్ల మీద గంటసేపు ఛార్జ్ చేస్తాను. సెల్లుకి 4.2 వోల్టులు దాటకూడదు, వాడకుండా దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. సర్లెండి, బ్యాటరీకి వేరే వీడియో చేస్తాను.

విమానం సెప్టెంబరుకే తయారైంది. ఎగరేసింది డిసెంబరులో. మధ్యలో ఏం చేశానంటారా? చేలు చూస్తూ కూర్చున్నాను. మన దగ్గర ఖాళీ నేల ఎక్కడుందండీ? ఎటు చూసినా సార్వా వరి, లేకపోతే కొబ్బరి తోట, లేకపోతే రొయ్యల చెరువు. చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టిన దారాలు వంద అడుగుల నుంచి కూడా కనపడవు. సార్వా కోతలు అయిపోయి, దాళ్వా దమ్ములు మొదలవ్వకముందు ఒక రెండు మూడు వారాలు దొరుకుతాయి. మళ్ళీ దాళ్వా కోతల తర్వాత, ఇదిగో ఈ మే నెలలో. అందులోనూ పొద్దున్నే రావాలి. తొమ్మిది, పది అయిందంటే సముద్రం గాలి లేస్తుంది.

రూల్స్ సంగతి కూడా చెప్పాలి. 2021 డ్రోన్ నిబంధనల్లో మోడల్ విమానాలు కూడా ఉన్నాయి. ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై మ్యాపులో మీ ఊరు గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, ఉందో లేదో చూసుకోండి, గ్రీన్‌లో అయినా 400 అడుగులే హద్దు. రాజమండ్రి వైపు వాళ్ళు మధురపూడి ఎయిర్‌పోర్టు ఎంత దూరమో కొలుచుకోండి. మా వైపు గ్యాస్ బావులున్నాయి, నేను అటు దిక్కుకి ముక్కు కూడా తిప్పను.

సరే, ఆ డిసెంబరు పొద్దు. మంచు కాస్త విడిచింది. వరి కొయ్యకాళ్ళ మీద చక్రాలు దొర్లవు కాబట్టి మా మేనల్లుడు చేత్తో విసిరాడు. తక్కెడ ముందే చూశాం. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు, ముందంచు నుంచి 5.5 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ళ మీద నిలబెడితే సమంగా నిలిచింది. విసరగానే అలా ఎక్కేసిందండీ. ఆయ్, ఆ క్షణం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎండ వెనక నుంచి పడితే ఫిల్ములోంచి ఒక్కొక్క రిబ్బూ కనిపిస్తుంది. ఫోమ్ విమానాలు నేను నాలుగు ఎగరేశాను, వాటిలో ఇది చూడలేదు.

కానీ వేగంగా పోతున్నప్పుడల్లా కుడికి ఒరుగుతోంది. రేడియోలో ట్రిమ్, అంటే ఒక పక్కకి లాగే విమానాన్ని సరిచేసే బటన్, నాలుగు నొక్కులు ఎడమకి నొక్కాను, సరిపోయింది. సరిపోయిందనుకున్నాను. రెండుసార్లు దిగింది కూడా. మూడోసారి దింపడానికి ఎడమకి తిప్పి, నెమ్మది చేసి, పది అడుగుల ఎత్తుకి తెచ్చాను. ఎడమ రెక్క ఉన్నట్టుండి జారిపోయింది. నేనేం చేశాను? అందరూ చేసేదే. రేడియో మీది స్టిక్ కుడికి కొట్టాను. ఇంకా వేగంగా ఎడమకే పడి, కొన నేలకి గుద్దుకుంది.

ఇది ఎందుకు జరిగిందో నాకు అర్థమవడానికి రెండు రోజులు పట్టింది. ఎడమ కొన దగ్గర వెనకంచు కిందికి తిరిగి ఉంది కదా. అంటే ఆ కొన గాలికి మిగతా రెక్క కంటే ఎక్కువ కోణంలో ఉంది. వేగం ఉన్నంతసేపు ఎక్కువ కోణం ఎక్కువ లేపుతుంది, అందుకే కుడికి ఒరిగేది. వేగం తగ్గాక ఆ కోణాన్ని గాలి పట్టుకోలేదు, ముందు ఆ కొనే స్టాల్ అవుతుంది, అంటే లేపే బలం పోతుంది. నా మెలిక ఐలరాన్ (విమానాన్ని పక్కకి ఒరిగించడానికి రెక్క వెనకంచున కదిలే పలక) దాటాక ఉన్న చివరి మూడు రిబ్బుల దగ్గర ఉంది. అందుకని ట్రిమ్ ఆ ఒరగడాన్ని కప్పిపుచ్చింది గానీ మెలికని ముట్టుకోలేదు. కుడికి స్టిక్ కొడితే ఎడమ ఐలరాన్ కిందికి దిగుతుంది, ఆ పక్క కోణం ఇంకా పెరుగుతుంది. జారే రెక్కని నేనే తోసేశానన్న మాట. అప్పుడు చేయాల్సింది ముక్కు కాస్త దించి, మోటారు పెంచి, వేగం తెచ్చుకోవడం. జూలైలో గోడకి ఆనించిన రెక్క డిసెంబరులో పడింది. పూత ఏదీ అని బాబాయ్ అడిగింది గుర్తొచ్చి, రసమట్టం తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు ఆయనకేమీ చెప్పలేదు.

బల్సా మీద నా గౌరవం పెరిగింది మాత్రం ఆ తర్వాతే. రెండు రిబ్బులు, జానెడు ముందంచు, ఒక పంకా విరిగాయి. కుడి రెక్క రిబ్బుని కాగితం మీద గీసుకుని, మిగిలిన షీట్‌లోంచి కోసి, అదే సాయంత్రం అతికించాను. నారింజ ఫిల్ము అయిపోవడంతో పసుపు వేశాను. మొత్తం అతుకు బరువు 3 గ్రాములు. ఫోమ్ రెక్క విరిగితే జిగురు, టేపు కలిసి దానికి మూడింతలు పెరుగుతుంది, ఆకారం కూడా మళ్ళీ రాదు.

మెలిక తీయడం చాలా తేలిక, సిగ్గుపడేంత తేలిక. ఒకరు రెక్కని మెలికకి ఎదురుగా, కావలసిన దానికంటే కొంచెం ఎక్కువే తిప్పి పట్టుకోవాలి. ఇంకొకరు ఇస్త్రీ పెట్టెతో ఫిల్ముని పైనా కిందా వేడి చేసి ముడతలు బిగించాలి. చల్లారేదాకా వదలకూడదు. మేనల్లుడు పట్టుకున్నాడు, "మావయ్యా, చేతులు లాగేస్తున్నాయి" అంటూనే. పది నిమిషాల పని. జూలైలోనే చేసుంటే పసుపు ఉండేది కాదు.

తర్వాత ఇప్పటిదాకా నలభైసార్లకి పైగా ఎగిరింది. బ్యాటరీకి పన్నెండు నిమిషాలు వస్తోంది. మెలిక తీశాక నడిచే మనిషి వేగానికి కొంచెం పైన కూడా, ఎదురుగాలిలో, కొన జారకుండా దిగుతోంది. ఒకసారి మేనల్లుడు కొబ్బరి చెట్టు మొవ్వులో దింపాడు. దింపు తీసే ఆయన్ని బతిమాలి ఎక్కించాం. గెల దించినట్టే తాడు కట్టి జాగ్రత్తగా వదిలాడు. "కాయలు దింపాను గానీ, విమానం దింపడం ఇదే మొదలు బాబూ" అన్నాడు. ఫిల్ముకి రెండు చిల్లులు, అంతే.

ఈ కిట్ కొనాలా అంటే, ఇంతవరకు రేడియో పట్టుకోని వాళ్ళు కొనొద్దు. ఫోమ్ షీటుతో ఒక సాయంత్రంలో ఒకటి చేసుకుని, దాన్ని పదిసార్లు పడేసి రండి. ఎగరడం వచ్చాక, కిట్ కంటే ప్లాను, తూచి ఎంచుకున్న షీట్లు విడిగా కొనుక్కోండి. రిబ్బులు కోసే ఓపిక లేకపోతే మాత్రం కిట్టే మేలు, రిబ్బుల వరకు నాది నూటికి నూరు. దానితో వచ్చిన చక్రాల తీగ మెత్తన, మూడోసారికే కాళ్ళు చాపేసింది, సైకిల్ చువ్వ వంచి పెట్టుకున్నాను. కట్టడం మాత్రం ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెట్టండి. వానాకాలంలోనే కడతామంటే, అంటించిన రెక్కని రెండు రాత్రులు బల్ల మీదే సూదులతో ఉంచండి. అయ్యాక బీరువా మీదో, వంటింటి అటక మీదో పడుకోబెట్టండి. గోడకి ఆనించొద్దు.

ఇప్పుడు ఎగరేసి చూపిస్తాను. ఎగరేసే ముందు రోజూ చేసే పని ఒకటుంది, కెమెరా ఇలా తోక వెనక్కి రండి. ఒక కన్ను మూసి, రెండు రెక్కల వెనకంచులు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూస్తాను. కుడి బాగుంది. ఎడమ... ఆగండి. నిన్న మధ్యాహ్నం ఎండలో కారు వెనక సీట్లో వదిలేశాను కదా. రెండు మిల్లీమీటర్లుంది. ఒరేయ్, నువ్వు పరిగెత్తి ఇంటికెళ్ళి అమ్మమ్మని అడుగు, ఇస్త్రీ పెట్టె ఖాళీగా ఉందేమో. పాతదే అడుగు, కొత్తది ముట్టుకోనివ్వదు.